వంతు ఎవరిది? రిలే ఈతజట్ల ఎంపికపై ఒక నైతిక పరిశీలన

తెలుగులో 'వంతు' చిన్న మాట. దాని బరువు మాత్రం చిన్నది కాదు. పంచగా ఒకరికి దక్కిన భాగం వంతు. వరుసలో ఒకరికి వచ్చే అవకాశం కూడా వంతే. 'నా వంతు నాకు రావాలి' అన్నప్పుడు మొదటి అర్థం, 'ఇక నీ వంతు' అన్నప్పుడు రెండో అర్థం. 'నా వంతు సాయం చేశాను' అనే వాడుకలో ఈ రెండూ కాక మూడోది కనిపిస్తుంది. అక్కడ వంతు దక్కవలసినది కాదు, చెల్లించవలసినది. పని తప్పించుకోవడానికి ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటే 'వంతులాడుకుంటున్నారు' అంటాం. హక్కు, వరుస, బాధ్యత అనే మూడు వేరువేరు భావాలను ఒకే మాట మోస్తున్నది. నిఘంటువులో ఇవి పక్కపక్కనే సర్దుకొని ఉంటాయి. ఆచరణలో మాత్రం ఒకదానితో ఒకటి తరచూ తగవు పడతాయి.

ఆ తగవు అతి స్పష్టంగా బయటపడే చోట్లలో రిలే ఈత ఒకటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రిలేకు సమానంగా 'అంచె' అనే మాట మనకు ఉన్నా క్రీడావార్తల్లో అది నిలవలేదు. కాబట్టి ఇక్కడా 'రిలే' అనే వాడుతున్నాను. ఈ వ్యాసం ఈతపోటీల చరిత్ర కాదు. జట్టులో చోటు సంపాదించుకున్నవాడికి ఆ చోటు మీద ఉండే హక్కు ఎలాంటిది, దాన్ని మరొకరు తీసేయవచ్చునా, అతనే మరొకరికి ఇచ్చేయవచ్చునా, ఆ విషయమై గొంతెత్తినవాణ్ణి ఏ తూకంతో తూచాలి అన్నవి ఇందులోని ప్రశ్నలు. సాహిత్య విద్యార్థికి ఇందులో ఏం పని అని అడగవచ్చు. జట్టు ఎంపిక మీద లేచిన వివాదాన్ని మన భారతకథ ఎప్పుడో చర్చకు పెట్టింది. ఆ ఘట్టానికి తరవాత వస్తాను.

ముందుగా ఆట సంగతి. నలుగురు ఈతగాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఈదితే అది రిలే. ముందువాడి చేయి గోడను తాకకముందే తరవాతివాడి పాదం దిమ్మెను వదిలితే జట్టు మొత్తం అనర్హమవుతుంది. సెకనులో నూరో వంతులు మూడు మాత్రం వెసులుబాటు. (కాలాన్ని కొలిచే చోట కూడా మనకు వంతే దిక్కయింది.) మొదటి ఈతగాడు సంకేతం విని దూకుతాడు. తక్కిన ముగ్గురూ ముందువాడి రాకను చూసుకుంటూ, ఒళ్ళు ముందుకు ఊపుకొని దూకుతారు. కాబట్టి వారి సమయం సుమారు అరసెకను, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, మెరుగ్గా నమోదవుతుంది. అంటే రిలేలో ఈదిన సమయాన్ని విడిపోటీ సమయం పక్కన పెట్టి నేరుగా పోల్చడం కుదరదు. గడియారం అబద్ధం చెప్పదంటారు. కానీ గడియారం చెప్పినదానికి అర్థం చెప్పవలసినవాడు మనిషే. ఎంపిక వివాదాలన్నీ ఆ సందులోనుంచే పుడతాయి.

మరొక సంగతి. పెద్ద జట్లు ఉదయం జరిగే హీట్స్‌లో కొందరిని, సాయంత్రం ఫైనల్లో మరికొందరిని దింపుతాయి. మేటి ఈతగాళ్ళకు విశ్రాంతి ఇవ్వడం దీని ఉద్దేశం. జట్టు గెలిస్తే హీట్స్‌లో ఈదినవారికీ పతకం వస్తుంది, పతకవేదిక మీద నిలబడే అవకాశం మాత్రం ఫైనల్లో ఈదిన నలుగురిదే.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అమెరికా పురుషుల జట్టులో ఒకే వారంలో రెండు నిర్ణయాలు జరిగాయి. ఆగస్టు 15న నాలుగు వందల మీటర్ల ఫ్రీస్టైల్ రిలే. గారీ హాల్ జూనియర్ అమెరికా సెలక్షన్ పోటీల్లో వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో మూడో స్థానం పొందినవాడు. ఉదయం హీట్స్‌లో అతను ఈదాడు. సాయంత్రం ఫైనల్‌కు అతన్ని పక్కనపెట్టి మైకేల్ ఫెల్ప్స్‌ను తీసుకున్నారు. ఆ ఏడాది సెలక్షన్ పోటీల్లో ఫెల్ప్స్ వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో పోటీపడలేదు. మొదటి వంతు ఈదిన ఇయాన్ క్రాకర్ గొంతునొప్పితో బాధపడుతూ 50.05 సెకన్లు తీసుకున్నాడు, జట్టు మొదట్లోనే బాగా వెనకబడింది. దక్షిణాఫ్రికా 3:13.17తో ప్రపంచరికార్డు నెలకొల్పి గెలిచింది. నెదర్లాండ్స్ రెండోది. అమెరికా 3:14.62తో మూడోది. హాల్ తన అసంతృప్తిని దాచుకోలేదు. ఆ సాయంత్రం జట్టును ప్రోత్సహించడానికి ఈతకొలను దగ్గరికి రాలేదని వార్తలు వచ్చాయి. జట్టుకన్నా తనను తాను ఎక్కువగా చూసుకునే మనిషి అనే నింద అతని మీద పడింది.

ఆగస్టు 20న వంద మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో ఫెల్ప్స్ 51.25 సెకన్లతో గెలిచాడు. క్రాకర్‌ది 51.29. ఆ పోటీలో ముందు వచ్చిన అమెరికన్‌కు మరునాటి మెడ్లే రిలే ఫైనల్లో బటర్‌ఫ్లై వంతు దక్కడం ఆ జట్టులో ఆచారం. కాబట్టి సెకనులో నూరో వంతులు నాలుగింటి తేడాతో ఆ చోటు ఫెల్ప్స్‌ది. దాన్ని అతను క్రాకర్‌కు వదిలేశాడు. 21న ఆరన్ పియర్సల్, బ్రెండన్ హాన్సెన్, క్రాకర్, జేసన్ లెజాక్‌ల జట్టు 3:30.68తో ప్రపంచరికార్డు నెలకొల్పింది. హీట్స్‌లో ఈది ఉన్నందున ఫెల్ప్స్‌కు కూడా స్వర్ణపతకం అందింది. ప్రేక్షకుల మధ్య నిలబడి అతను జట్టును ఉత్సాహపరచిన దృశ్యం ఆ క్రీడల మధురస్మృతుల్లో ఒకటైంది. అతని ఔదార్యాన్ని లోకమంతా మెచ్చుకుంది.

ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూడవలసిన అవసరం ఉంది. ఫెల్ప్స్ చేసింది త్యాగమని మెచ్చుకోవాలంటే, బటర్‌ఫ్లై వంతు అతనిదని ముందు ఒప్పుకోవాలి. తనది కానిదాన్ని ఇవ్వడం దానం కాదు. స్వామ్యం లేనిదే దానం చెల్లదన్నది ధర్మశాస్త్రాల్లో ప్రసిద్ధమైన నియమం. సభాపర్వంలో ద్రౌపది సభను నిలదీసిన ప్రశ్న కూడా ఈ స్వామ్యం మీదనే. పోటీలో గెలిచిన కారణంగా ఆ చోటు ఫెల్ప్స్ సొత్తయింది అంటే, పోటీఫలితం హక్కును పుట్టిస్తుందని అంగీకరించినట్టే. అప్పుడు సెలక్షన్ పోటీలో మూడో స్థానం పొందిన హాల్‌కు ఫ్రీస్టైల్ రిలేలో హక్కు లేదనడం ఎలా కుదురుతుంది? అలా కాదు, రిలేలో చోటు ఎవరి సొత్తూ కాదు, జట్టు మేలుకోసం శిక్షకులు ఎవరికైనా అప్పగించగల బాధ్యత మాత్రమే అంటే హాల్ ఫిర్యాదు నిలవదు. కానీ దానితోపాటే ఫెల్ప్స్ త్యాగమూ నిలవదు. తనది కానిదాన్ని తిరిగి జట్టు చేతికి అప్పగించాడంతే. అందులో వినయం ఉండవచ్చు, దానం లేదు. హాల్‌ను స్వార్థపరుడని, ఫెల్ప్స్‌ను త్యాగశీలి అని ఒకే వారంలో, ఒకే నోటితో అనడం తర్కానికి నిలవదు. అయినా అన్నారు. ఎందుకు అనగలిగారన్నదే అసలు విచారించవలసిన విషయం.

ఒక ఆక్షేపం ఇక్కడ వెంటనే వస్తుంది. సెలక్షన్ పోటీ జులైలో జరిగింది, ఒలింపిక్ ఫైనల్ ఆగస్టులో. నెల కిందటి సమయం కన్నా నిన్నటి సమయం బలమైన సాక్ష్యం కదా అని. నిజమే. ఫెల్ప్స్ బటర్‌ఫ్లై హక్కు ముందురోజుది. హాల్‌ది పాతది. కానీ అదే న్యాయం క్రాకర్‌కు వర్తించలేదు. సెలక్షన్ పోటీల్లో వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో రెండో స్థానం అతనిది. ఆ హక్కుతోనే జబ్బుగా ఉన్నా మొదటి వంతు అతనికి దక్కింది. అంటే హాల్ ఏ నియమాన్ని అడిగాడో ఆ నియమమే ఆ సాయంత్రం జట్టును ముంచిన వంతును ఎంపిక చేసింది. ఫెల్ప్స్ ఎంపిక జట్టును ముంచలేదు. హాల్ పక్షం వహించేవారు ఈ చేదునిజాన్ని మింగక తప్పదు. మొదటి స్థానానికి, మూడో స్థానానికి మధ్య తేడా 1.45 సెకన్లు. ఫెల్ప్స్ స్థానంలో హాల్ ఈది ఉంటే ఆ తేడా పూడేదని చెప్పడం కష్టం.

అయితే హక్కును ఫలితంతో కొలవవచ్చునా? 2016 రియోలో ఇదే కథ మళ్ళీ జరిగింది. ఆ ఏడాది కూడా ఫెల్ప్స్ సెలక్షన్ పోటీల్లో వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో పోటీపడలేదు. అయినా రిలే ఫైనల్లో అతనికి చోటిచ్చారు. తన వంతును 47.12 సెకన్లలో ఈదాడు, అమెరికా గెలిచింది. హీట్స్‌లో ఈదిన ఆంథొనీ ఎర్విన్ ఫైనల్లో లేడు. ఈసారి వివాదం లేదు, నింద లేదు. నిర్ణయం స్వభావం ఒకటే, పతకం రంగు మారింది. స్వర్ణం వస్తే ఎంపిక దూరదృష్టి, కాంస్యం వస్తే ఎంపిక అన్యాయం అనడం నైతికవిచారణ కాదు, ఫలితం చూసి తీర్పు తిరగరాయడం. ఎంపిక జరిగిన క్షణంలో ఎంపికదారులకు ఏం తెలుసు, ముందుగా ఏ నియమం ప్రకటించారు, ఆ నియమాన్ని నమ్ముకొని ఎవరు శ్రమించారు అన్నవి మాత్రమే ఆ నిర్ణయపు న్యాయాన్యాయాలను తేల్చగలవు.

ఇక గొంతెత్తిన మనిషి గురించి. హాల్ మౌని కాడు. 1999లో మధుమేహం ఉన్నట్టు తేలిన తరవాత మళ్ళీ ఈతకొలనులోకి వచ్చి, 2000 సిడ్నీలో యాభై మీటర్ల స్వర్ణాన్ని ఎర్విన్‌తో పంచుకున్నవాడు. పోటీకి ముందు బాక్సరులా గౌను వేసుకొని వచ్చి గాలిలోకి గుద్దులు విసిరే ప్రదర్శనాప్రియుడు. సిడ్నీకి ముందు అతను రాసిన ఒక వాక్యం అతని జీవితమంతా వెంట నడిచింది. ఆస్ట్రేలియా జట్టును గిటార్లు పగలగొట్టినట్టు పగలగొడతామన్నది దాని సారాంశం. 1964లో ఒలింపిక్స్‌లో ప్రవేశపెట్టిన నాటినుంచి ఆ రిలే జరిగిన ప్రతిసారీ అమెరికాదే గెలుపు. సిడ్నీలో ఆ పరంపర తెగింది. మైకేల్ క్లిమ్ మొదటి వంతులోనే ప్రపంచరికార్డు సాధించాడు. చివరి వంతులో పదిహేడేళ్ళ ఇయాన్ థోర్ప్ హాల్‌ను దాటి గోడను తాకాడు. 3:13.67, 3:13.86. గెలిచిన ఆస్ట్రేలియన్లు ఈతకొలను ఒడ్డున లేని గిటార్లను వాయించి చూపారు. లోకం నవ్వింది.

ఆ వాక్యం ముందూ వెనకా హాల్ రాసినది చదివినవారు తక్కువ. ఆస్ట్రేలియా అంటే తనకు ఇష్టమని అతను ముందే చెప్పాడు. పగలగొడతామన్నది తన పక్షపాతంతో కూడిన అభిప్రాయమని ఆ వాక్యంలోనే ఒప్పుకున్నాడు. తర్కబుద్ధితో చూస్తే ఈసారి అమెరికాకు అంత తేలిక కాదని ఆ వెంటనే రాశాడు. వాక్యతాత్పర్యాన్ని ఉపక్రమోపసంహారాలను బట్టి నిర్ణయించాలన్నారు మీమాంసకులు. ఇక్కడ ఉపక్రమమూ పోయింది, ఉపసంహారమూ పోయింది, నడుమ ఉన్న ఉపమానం ఒక్కటే మిగిలింది. ఓడిపోయిన తరవాత మొదటగా వచ్చి అభినందించినవాడు హాలేనని ఆస్ట్రేలియా జట్టువారే చెప్పారు. అదీ ఆ గిటార్ల చప్పుడులో వినబడలేదు. పద్యంలో ఒక పాదం తీసి కవి దృక్పథాన్ని నిర్ధారించే విమర్శను మనం తప్పుపడతాం. మనిషి విషయంలో మాత్రం ఆ పని సులువుగా చేస్తాం.

దీని పర్యవసానం ఏథెన్స్‌లో కనిపించింది. హాల్ ఫిర్యాదులో న్యాయం ఎంత అని లోకం చూడలేదు. చెబుతున్నది ఎవరు అని చూసింది. ముందే వదరుబోతుగా ముద్రపడినవాడు న్యాయమైన మాట అన్నా అది వదరుగానే వినిపిస్తుంది. నెమ్మదిగా ఉండే మరొక ఈతగాడు అదే చోటు కోల్పోయి అదే మాట అని ఉంటే తీర్పు ఇలాగే ఉండేదా? ఉండేది కాదని నా నమ్మకం. ఎంపికసంఘాల ముందు కూర్చున్న అనుభవం ఉన్న ఏ పరిశోధక విద్యార్థికైనా ఈ సంగతి ఈతకొలను దాకా వెళ్ళకుండానే తెలుసు.

ఉద్యోగపర్వంలోని రథాతిరథసంఖ్యాన ఘట్టం ఇక్కడ గుర్తుకు రాక మానదు. సేనాపతి అయిన భీష్ముడు ఇరుపక్షాల వీరులనూ ఒక్కొక్కరినే లెక్కకట్టి ఎవరు రథికులో, ఎవరు అతిరథులో దుర్యోధనుడికి చెబుతాడు. కర్ణుడి దగ్గరికి వచ్చేసరికి అతణ్ణి అర్ధరథుడంటాడు. వ్యాసభారతంలో అందుకు కారణాలు కూడా చెబుతాడు: పరశురాముడి శాపం, బ్రాహ్మణశాపం, సహజమైన కవచకుండలాలు పోవడం. ద్రోణుడు దాన్ని బలపరుస్తూ, ఇతడు ప్రతి యుద్ధంలో గర్వం చూపుతాడు, వెన్నూ చూపుతాడు అంటాడు. కర్ణుడు మండిపడి, భీష్ముడు జీవించి ఉండగా యుద్ధం చేయనని ప్రతిజ్ఞ చేసి తప్పుకుంటాడు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా కర్ణుడి అహంకారానికి నిదర్శనంగా చదువుతారు. ఎంపికకథగా చదివితే వేరే సంగతులు కనిపిస్తాయి. భీష్ముడు చెప్పిన కారణాలు అబద్ధాలు కావు. శాపాలు ఉన్నవే, కవచం పోయినదే. కానీ ఆ కవచం ఎలా పోయింది? అడిగినవాడికి లేదనలేక ఇచ్చినందువల్ల పోయింది. దానగుణం కర్ణుడికి కీర్తి తెచ్చిన మాట నిజమే. ఎంపికపట్టికలో మాత్రం దాన్ని లోటుగా రాసుకున్నారు. ఫెల్ప్స్‌కు ఇవ్వడం వల్ల తరిగినదేమీ లేదు. అతని పతకం అతనికి వచ్చింది, కీర్తి అదనం. ఇచ్చేవాడికి ఏమీ పోని దానాన్ని లోకం ఎక్కువగా మెచ్చుకోవడం వింతే. ఇది ఫెల్ప్స్‌ను తక్కువ చేయడానికి అంటున్న మాట కాదు. ఇరవయ్యొక్కేళ్ళ మిత్రుడొకడు జబ్బుతో ఓడి కుంగిపోయి ఉంటే, అతనికి ఇంకొక అవకాశం ఇవ్వాలని పందొమ్మిదేళ్ళవాడికి తోచడం మంచి మనసు కాకపోతే మరేమిటి? తక్కిన ముగ్గురి ఆశలనూ పణంగా పెట్టే ఇచ్చాడన్నది మాత్రం మరవకూడదు. క్రాకర్ మళ్ళీ తడబడి ఉంటే మూల్యం చెల్లించేవారు పియర్సల్, హాన్సెన్, లెజాక్. ఫెల్ప్స్ కోరినా, జట్టు తరఫున ఒప్పుకొని ఆ ప్రమాదాన్ని నెత్తిన వేసుకున్నవాడు ప్రధాన శిక్షకుడు ఎడ్డీ రీస్. అతని పేరు ఈ త్యాగకథలో అరుదుగా వినిపిస్తుంది.

భారతకథలో మరొక మలుపు ఉంది. భీష్మపర్వం చివర అంపశయ్య మీద ఉన్న భీష్ముడి దగ్గరికి కర్ణుడు వెళ్ళినప్పుడు, నీ తేజస్సును తగ్గించడానికే పరుషంగా మాట్లాడాననీ, విలువిద్యలో నువ్వు అర్జునుడికి, కృష్ణుడికి సాటివాడవనీ ఆ వృద్ధుడు ఒప్పుకుంటాడు. అంటే నాడు చెప్పిన కారణాలు నిజాలే అయినా, అర్ధరథుడన్న తీర్పు ఆ కారణాలవల్ల వచ్చింది కాదు. ప్రకటించిన కారణం ఒకటి, ఉద్దేశం మరొకటి. యుద్ధం ఆగాలని భీష్ముడు కోరుకున్నాడనీ, ఆ ఉద్దేశం ఉదాత్తమైనదనీ సమర్థించవచ్చు. ఎంపికైనవాడికీ కానివాడికీ కావలసింది ఉద్దేశపు ఔన్నత్యం కాదు, కారణపు నిజాయితీ. రీస్ బృందానికి అలాంటి రహస్యోద్దేశం ఉందని నేను అనడం లేదు, అలా అనడానికి ఆధారమూ లేదు. కానీ ఏథెన్స్‌కు ముందు అమెరికాలో ఫెల్ప్స్ ఎన్ని స్వర్ణాలు గెలుస్తాడన్న లెక్కే ప్రధానవార్త. మార్క్ స్పిట్జ్ 1972లో సాధించిన ఏడింటిని అందుకోవాలంటే ఈ రిలే అతనికి అవసరం. ఆ నేపథ్యంలో హాల్ మనసులో అనుమానం పుట్టడం సహజం. అది నిజమా కాదా అన్నది వేరు. అనుమానానికి తావు లేకుండా నియమాన్ని ముందే ప్రకటించడం ఎంపికదారు వంతు.

కర్ణుడు, హాల్ ఇద్దరూ అలిగి తప్పుకున్నవారు. తప్పుకోవడంలోని తప్పును కూడా చూడాలి. కర్ణుడు లేకుండా పది రోజుల యుద్ధం జరిగింది. హాల్ కొలను దగ్గర లేకపోవడం వల్ల సమయాలేమీ మారలేదు, అయినా ఉదయం అతనితో కలిసి ఈది సాయంత్రం కూడా ఈదిన నీల్ వాకర్‌కు ఆ లోటు తెలిసే ఉంటుంది. వంతు రానివాడికి కూడా ఒక వంతు మిగిలే ఉంటుంది, మూడో అర్థంలో. హాల్ హక్కు విషయంలో నేను అతని పక్షాన ఉన్నాను. ఆ సాయంత్రపు గైర్హాజరీ విషయంలో లేను.

వంతును అడిగినందుకు కాదు, వద్దన్నందుకు నింద పడిన మనిషి కథ ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన డాన్ ఫ్రేజర్ 1956, 1960, 1964 ఒలింపిక్స్‌లో వరుసగా మూడుసార్లు వంద మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచింది. మహిళల్లో ఆ దూరాన్ని నిమిషంలోపు మొదట ఈదినది ఆమే. సిడ్నీలోని బామెయిన్ అనే కార్మికవాడలో పుట్టి పెరిగింది, అధికారులను ఎదిరించి మాట్లాడటం ఆమెకు కొత్త కాదు. 1960 రోమ్‌లో మెడ్లే రిలే హీట్స్‌లో బటర్‌ఫ్లై వంతు ఈదమని అప్పటికప్పుడు చెబితే ఆమె నిరాకరించింది. సహచరులు ఆమెతో మాట్లాడటం మానేశారు. ఫైనల్లో తన ఫ్రీస్టైల్ వంతు ఈదింది, జట్టుకు రజతం వచ్చింది. 1964 టోక్యోలో అధికారుల మాట కాదని ప్రారంభోత్సవంలో నడిచినందుకు, అధికారిక ఈతదుస్తులు కాక తనకు నచ్చినవి వేసుకున్నందుకు, జెండా దొంగతనం గొడవలో చిక్కుకున్నందుకు 1965లో ఆమె మీద పదేళ్ళ నిషేధం పడింది. మెక్సికో క్రీడలకు కాస్త ముందు దాన్ని ఎత్తివేశారు కానీ సిద్ధమయ్యే వ్యవధి లేకపోయింది. అదే నోటి దురుసుతనం తరవాతి కాలంలో ఆమెను జాతికి ఇష్టురాలిని చేసింది, న్యూ సౌత్ వేల్స్ శాసనసభకూ పంపింది. అధికారంలో ఉన్నవారికి నచ్చని గొంతు, వారు దిగిపోయాక ముద్దొస్తుంది కాబోలు.

ఫ్రేజర్ నిరాకరణలో తప్పు ఉందా? సిద్ధంగా లేని ఈతను హఠాత్తుగా ఈదమనడం అన్యాయమే. కానీ ఫైనల్లో ఆడే వంతు నాది, హీట్స్‌లో చాకిరీ వంతు నాది కాదు అనే వైఖరి అందులో ఉంటే, హాల్ మీద పడిన నింద నిజానికి ఆమెకు చెందవలసింది. హాల్ ఉదయపు చాకిరీ చేసి సాయంత్రపు వంతు అడిగాడు. ఆమె సాయంత్రపు వంతు ఉంచుకొని ఉదయపు చాకిరీ వద్దంది. ఇద్దరినీ 'జట్టుకు లొంగనివారు' అనే ఒకే గాటన కట్టడం వీలుకాదు.

వంతు అంటే సొత్తూ కాదు, కేవలం అప్పగింతా కాదు అనుకుంటే పై వైరుద్ధ్యానికి దారి దొరుకుతుందేమో. మన చెరువుల కింద నీటి వంతులు ఇందుకు దగ్గరి పోలిక. గోదావరి డెల్టాలో నీరు చాలని రబీలో ఇప్పటికీ వంతులవారీ విధానం పాటిస్తారు. వంతు వచ్చిన రైతుకు ఆ గడువులో నీటి మీద నిజమైన హక్కు ఉంటుంది. నీరుగంటి తన ఇష్టం వచ్చినట్టు మడవ మార్చలేడు. కానీ ఆ హక్కు నీటిని దాచుకునే హక్కు కాదు. గడువు దాటితే అది ఉండదు. పక్కవాడి మడి ఎండిపోతుంటే తన వంతు ఇవ్వవచ్చు, నీరుగంటికి చెప్పి, కాలువ చివరివాడికి నష్టం రాకుండా. ఈ చూపులో చూస్తే హాల్ హక్కు నిజమైనదే, దాన్ని మార్చవలసి వస్తే ముందే చెప్పి కారణం చూపవలసింది. ఫెల్ప్స్ ఇవ్వడమూ నిజమైన ఇవ్వడమే, రీస్ ఒప్పుకోలు అందులో భాగం. పోలిక ఒకచోట ఆగిపోతుందని కూడా ఒప్పుకోవాలి. నీటి వంతు తప్పినవాడికి మళ్ళీ తిరిగి వస్తుంది. ఒలింపిక్ వంతు నాలుగేళ్ళకు గాని రాదు, అప్పటికి ఆ ఒంట్లో వేగం ఉండదు.

ఇచ్చిన వంతు పుచ్చుకున్నవాణ్ణి ఏం చేస్తుందన్నది మరొక ప్రశ్న. కర్ణుడి విషయంలో అంగరాజ్యం జీవితకాలపు ఋణమైంది. క్రాకర్ విషయంలో అలా జరగలేదు. 2005లో మాంట్రియల్ ప్రపంచపోటీల్లో వంద మీటర్ల బటర్‌ఫ్లైలో అతను 50.40 సెకన్లతో ప్రపంచరికార్డు నెలకొల్పి ఫెల్ప్స్‌ను సెకనుకు పైగా తేడాతో ఓడించాడు. ఋణం తీర్చుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి నాకు తోచదు.

హాల్ సంగతి. ఫెల్ప్స్ బటర్‌ఫ్లై గెలిచిన ఆగస్టు 20 సాయంత్రమే, ఇరవై తొమ్మిదేళ్ళ హాల్ యాభై మీటర్ల ఫ్రీస్టైల్‌ను 21.93 సెకన్లతో, నూరో వంతు ఒక్కటే తేడాతో గెలిచాడు. అతని వాదన రుజువైందని కొందరు సంబరపడ్డారు. యాభై మీటర్ల గెలుపు వంద మీటర్ల వంతుకు సాక్ష్యం కాదు. అతని వాదనకు ఆ సాక్ష్యం అవసరమూ లేదు. 2008 సెలక్షన్ పోటీల్లో నాలుగో స్థానంలో నిలిచి అతను జట్టులోకి రాలేకపోయాడు. ఈసారి ఫిర్యాదు చేయడానికేమీ లేదు. 2025 జనవరిలో లాస్ ఏంజలెస్‌ను చుట్టుముట్టిన కార్చిచ్చులో అతని ఇల్లు కాలిపోయింది, పది ఒలింపిక్ పతకాలూ మంటల పాలయ్యాయి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం వాటికి నకళ్ళు చేయించి ఇచ్చింది. ఆ పదింటిలో ఒకటి ఏథెన్స్ రిలే కాంస్యం. ఉదయం అతను ఈదిన వంతుకు వచ్చినది అది.